నడుముకి నెలవారీ చందా

మా ఊళ్లో నడుం పట్టేస్తే ముందు డాక్టరు కోసం వెతికేవారు కాదండీ, ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు ఎవరున్నారా అని వెతికేవారు. తల ముందు కాకుండా కాళ్లు ముందు పెట్టి భూమ్మీదకి వచ్చినవాడు నడుం మీద మెల్లగా తొక్కితే పట్టు వదిలిపోతుందని నమ్మకం. అలాంటి పిల్లాడికి బళ్లో లెక్కలు రాకపోయినా వీధిలో గిరాకీకి మాత్రం లోటుండేది కాదు. అరుగు మీద బోర్లా పడుకున్న పెద్దమనిషి "ఒరేయ్, కాస్త మెల్లిగారా నాయనా" అని మూలుగుతుంటే, వాడు గోడ పట్టుకుని నవ్వాపుకుంటూ తొక్కేవాడు. పని అయ్యాక ఓ జామకాయో బెల్లం ముక్కో చేతిలో పడేది. మీలో చాలామంది చూసే ఉంటారు. తొక్కించుకున్నవాళ్లూ ఉండే ఉంటారు, సిగ్గుపడకండి.

దేశం మారినా నడుం మనదే కదా. ఇక్కడ టెక్సస్‌లో ఎదురుకాళ్ల పిల్లల్ని ఎక్కడని వెతకను? ఆ లోటు తీర్చడానికి చేత్తో వెన్ను సర్దే కైరోప్రాక్టర్లు ఉన్నారు. ఏ స్ట్రిప్ మాల్‌కి వెళ్లినా పిజ్జా కొట్టుకీ పళ్ల డాక్టరుకీ మధ్య వాళ్ల బోర్డు కనిపిస్తుంది. లోపల ఓ మూల ప్లాస్టిక్ వెన్నెముక వేలాడుతుంటుంది. దాంట్లో ఎర్రరంగు డిస్కొకటి బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది, దాన్ని చూడగానే అప్పటిదాకా బాగున్న నడుం కూడా సన్నగా సలపడం మొదలెడుతుంది. మన ఐటీ పిల్లలకి ఆ గది బాగా తెలుసు. పగలంతా ఆఫీసు కుర్చీ, సాయంత్రం కారు సీటు, రాత్రి ఇండియా వాళ్లతో కాల్స్ పేరుతో మళ్లీ కుర్చీ. పాపం, నడుం ఎంతకని ఓర్చుకుంటుంది?

మా పిన్ని కొడుకు సంగతీ అంతే. మొన్న వంగి షూ లేసు కట్టుకోబోతే నడుం కలుక్కుమంది. కైరోప్రాక్టర్ దగ్గరికి వెళ్లాడు. కొన్నిసార్లు నొక్కించుకునేసరికి హాయిగా ఉందన్నాడు. అంతవరకూ బాగానే ఉంది. ఆ తర్వాత వాడి చేతికో కాగితం ఇచ్చారు. మొదట వారానికి మూడుసార్లు, తర్వాత రెండు, తర్వాత ఒకటి, ఆపైన నెలకి రెండుసార్ల చొప్పున బతికున్నన్నాళ్లూ రావాలట. ఏడాది డబ్బు ముందే కట్టేస్తే తగ్గింపు. "కట్టెయ్యమంటావా అక్కా?" అని నన్నడిగాడు. నేను డాక్టర్ని కాను. అలాగని అడిగినవాళ్లకి అభిప్రాయం చెప్పకుండా ఊరుకునే రకాన్నీ కాను, అది మీకు తెలిసిందే.

ఈ విషయంలో మా ఇంట్లోనే రెండు పార్టీలున్నాయి. మా తోడికోడలు, నేను అక్కా అనే పిలుస్తాను, ఏళ్ల తరబడి నెలనెలా కైరో దగ్గరికి వెళ్లొస్తుంది. "పళ్లు ఆర్నెల్లకోసారి చూపించుకుంటాం కదే, వెన్నుపూస ఏం పాపం చేసింది?" అంటుంది. బావగారు దోసె ముక్క తుంచుతూ, "పన్ను పుచ్చితే నాకూ కనబడుతుంది, డాక్టరుకీ కనబడుతుంది. పూస పక్కకి జరిగితే మాత్రం ఆ కైరో ఒక్కడికే కనబడుతుందేం?" అంటారు. ఇద్దరి మాటలోనూ నిజముంది. ఎవరి వాటా ఎంతో తేల్చాలంటే ముందు ఈ విద్య పుట్టుపూర్వోత్తరాలు తెలియాలి. తమాషాగా ఉంటాయి, వినండి.

అయోవా రాష్ట్రంలో మిసిసిపీ నది ఒడ్డున డావెన్‌పోర్ట్ అని ఓ ఊరుంది. అక్కడ డానియల్ డేవిడ్ పామర్ అని ఒకాయన ఉండేవాడు. పుట్టింది కెనడాలో. బడిలో పాఠాలు చెప్పాడు, తేనెటీగలు పెంచాడు, కిరాణా కొట్టు నడిపాడు, చివరికి చేతులు ఆనించి రోగాలు పోగొట్టే అయస్కాంత వైద్యంలో స్థిరపడ్డాడు. ఆయన గది ఉన్న భవనంలోనే హార్వీ లిల్లార్డ్ అనే నల్లజాతి మనిషి ఊడ్చి తుడిచే పని చేసేవాడు. చాలా ఏళ్లుగా చెవులు సరిగా వినబడవు. ఎప్పుడో వంగి పని చేస్తుంటే వీపులో ఏదో కలుక్కుమందనీ, అప్పట్నుంచే వినికిడి పోయిందనీ చెప్పాడట. 1895 సెప్టెంబరులో ఒకరోజు పామర్ ఆయన వీపు తడిమి, ఎత్తుగా తగిలిన పూసని ఒక్క తోపు తోశాడు. వినికిడి వచ్చేసిందని లోకానికి చాటుకున్నాడు. చూశారా, ఈరోజు నడుం నొప్పికి మారుపేరైన వైద్యం మొదలైంది చెవుడుతో! చెవినుంచి మెదడుకి పోయే నరం వెన్నెముకలోంచి పోనే పోదు. డాక్టర్లు ఈ కథని పట్టుకున్నది అక్కడే.

పామర్ అంతటితో ఊరుకోలేదు. రోగాల్లో నూటికి 95 వెన్నుపూస తప్పడంవల్లే వస్తాయన్నాడు. 1897లో బడి పెట్టాడు. 1906లో లైసెన్సు లేకుండా వైద్యం చేస్తున్నాడని జైల్లో పెట్టారు. కొడుకు బీజే పామర్ తండ్రిని మించిన ప్రచారకర్త, సొంతానికి రేడియో స్టేషనే నడిపాడు.  

డాక్టర్ల సంఘానికీ వీళ్లకీ పడేది కాదు. కైరోప్రాక్టర్లతో కలిసి పనిచేయడమే అనైతికమని అమెరికన్ మెడికల్ అసోసియేషన్ తన సభ్యుల్ని చాలాకాలం కట్టడి చేసింది. 1976లో చెస్టర్ విల్క్ అనే కైరోప్రాక్టరూ మరికొందరూ కోర్టుకెక్కారు. 1987లో జడ్జి సుసాన్ గెట్జెన్‌డానర్, సంఘం కుమ్మక్కై వీళ్ల వృత్తిని దెబ్బతీయాలని చూసిందని తీర్పిచ్చారు. 1990లో పై కోర్టూ దాన్నే ఖాయం చేసింది. మా అక్క ఈ తీర్పుని ఇప్పటికీ బావగారి ముందు విసురుతుంది. కానీ ఆ కేసు నడిచింది వ్యాపారంలో పోటీకి సంబంధించిన చట్టం కింద. ఈ వైద్యం జబ్బులు నయం చేస్తుందని కోర్టు సర్టిఫికెట్ ఇచ్చినట్టు కాదు. ఈ ముక్క నేను చెబితే అక్క నాకు కాఫీ ఇవ్వడం మానేస్తుంది, అందుకే మీతో చెబుతున్నాను.

ఇప్పటి కైరోప్రాక్టర్లలో చాలామంది చెవుడు జోలికి పోరు. నడుం, మెడ, తలనొప్పి, అంతే. అమెరికాలో అయితే నాలుగేళ్ల కోర్సు చదివి, బోర్డు పరీక్షలు రాసి, రాష్ట్రం దగ్గర లైసెన్సు పుచ్చుకుంటారు. వీళ్ల క్లినిక్కుల బోర్డులు ఇప్పుడు మన హైదరాబాద్‌లోనూ కనబడుతున్నాయి. ఎక్కడ ఏం చదివారని అడగడానికి మొహమాటపడకండి. కూరగాయలవాడిని బెండకాయ విరిచి చూపించమనే మనం, వెన్ను అప్పగించేటప్పుడు నోరు మెదపం.

సరే, బల్ల మీదకి వద్దాం. బోర్లా పడుకోబెట్టి, లేదా పక్కకి తిప్పి, అరచేత్తో ఒక్క విసురు విసురుతారు. టక్! ఆ చప్పుడుకే సగం నొప్పి పోయిందంటారు చాలామంది. పక్కకి పోయిన పూస గూట్లోకి వచ్చి పడిన చప్పుడనుకుంటాం. కాదు. కీలు మధ్య జిగురు ద్రవం ఉంటుంది. కీలు చటుక్కున ఎడం కాగానే అందులో ఒత్తిడి పడిపోయి, వాయువు బుడగ కడుతుంది. 2015లో కెనడాలోని ఆల్బర్టా విశ్వవిద్యాలయం వాళ్లు వేలి మెటిక విరుస్తూ ఎమ్మారై తీసి ఈ ముచ్చటంతా బొమ్మ కట్టి చూపించారు. ఒకసారి విరిచిన కీలు మళ్లీ చప్పుడు చేయాలంటే ఇరవై నిమిషాలదాకా ఆగాలి. మెటికలు విరిస్తే కీళ్లవాతం వస్తుందని వాళ్లమ్మ తిట్టినందుకు డోనాల్డ్ అంగర్ అనే అమెరికా డాక్టరు ఎడమచేతి మెటికలు మాత్రమే అరవై ఏళ్లపాటు విరిచి, కుడిచేతిని వదిలేసి, చివరికి రెండు చేతులకీ తేడా లేదని రాసి 2009లో తమాషా పరిశోధనలకిచ్చే ఇగ్ నోబెల్ బహుమతి కొట్టేశాడు. దిష్టి తీసి కణతల దగ్గర మెటికలు విరిచే మన అమ్మమ్మలు ఈ పరిశోధన ఎప్పుడో ముగించారనుకోండి.

అంటే ఆ నొక్కుడు దండగా? కాదు. బిగుసుకున్న కండరం వదులవుతుంది, నొప్పి కబురు మెదడుకి చేరే తీరు కాసేపు మారుతుంది, మనిషి భయం తగ్గి కదలడం మొదలెడతాడు. కొత్తగా పట్టేసిన నడుముకి మాత్రలకంటే ముందు వేడి కాపడం, మర్దన, ఇలాంటి వెన్ను చికిత్సలు చూడమని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2017లోనే చెప్పింది. బ్రిటన్‌లో 2016 మార్గదర్శకాలు కూడా వీటిని ఒప్పుకున్నాయి, అయితే వ్యాయామంతో కలిపితేనే అని షరతు పెట్టాయి. ఆ షరతుని మాత్రం మనవాళ్లు సౌకర్యంగా మర్చిపోతారు. పడుకుంటే ఎవరో వచ్చి బాగుచేసే వైద్యం ఉండగా లేచి వ్యాయామం చేయడానికి ఎవరికి మనసొప్పుతుంది?

మా తమ్ముడు ఆ కాగితానికి ఎందుకు జడిశాడో చెప్పనా? వాడి ఎక్స్‌రే గోడమీద వెలిగించి, "ఇక్కడ అరుగుదల మొదలైంది, ఇప్పుడు పట్టించుకోకపోతే..." అని అక్కడ ఆపారట. ఆ ఆపడంలోనే ఉంది కిటుకంతా. నడుం నొప్పి అన్నదే లేని మనుషుల్ని స్కాన్ చేసిన పరిశోధనలన్నీ కలిపి 2015లో లెక్క తీశారు. ఇరవై ఏళ్లవాళ్లలోనే 37 శాతం మందికి డిస్కు అరుగుదల కనబడింది. ఎనభై ఏళ్లవాళ్లలో 96 శాతం. డిస్కు ఉబ్బు ఇరవైల్లో 30 శాతం, ఎనభైల్లో 84 శాతం. మళ్లీ చెబుతున్నాను, వీళ్లెవరికీ నొప్పి లేదు. కొత్తగా వచ్చిన నడుం నొప్పికి, ప్రమాద సూచనలు లేకపోతే, ఆరు వారాలదాకా వెన్ను ఫొటోలు తీయొద్దని చెప్పింది ఎవరనుకున్నారు? సాక్షాత్తూ అమెరికన్ కైరోప్రాక్టిక్ అసోసియేషనే, 2017లో. నయమవుతోందా లేదా చూడటానికి పదే పదే తీయొద్దని కూడా చెప్పింది. మంచి కైరోప్రాక్టర్లకి ఇది తెలుసు. గోడమీద బొమ్మ వెలిగించి వాక్యం మధ్యలో ఆపేవాళ్లకీ తెలుసు.

ఇంక అసలు ప్రశ్న. నొప్పి తగ్గాక కూడా వెళ్తూ ఉండాలా? ఈ ప్రశ్న ఉత్తిదేం కాదు. నడుం నొప్పికున్న దుర్గుణం తిరగబెట్టడం. తగ్గినవాళ్లలో పదిమందిలో దాదాపు ఏడుగురికి ఏడాది తిరక్కుండానే మళ్లీ వస్తుందని లెక్కలున్నాయి. అందుకే అక్క మాట కొట్టిపారేయలేం. స్వీడన్‌లో కరోలిన్‌స్కా సంస్థ పరిశోధకులు దీన్నే తేల్చాలని కూర్చున్నారు. మాటిమాటికీ నడుం నొప్పి వస్తూ, కైరో చికిత్సకి మొదట్లో బాగా తగ్గిన 328 మందిని తీసుకున్నారు. సగం మందికి నొప్పితో పనిలేకుండా ముందే తేదీలు వేసి, మూడు నెలలకి మించని ఎడంతో పిలిచారు. మిగతా సగాన్ని నొప్పొస్తేనే రమ్మన్నారు. 2018లో ఫలితం అచ్చయింది. ముందే వెళ్తూ ఉన్నవాళ్లకి ఏడాదిలో నొప్పితో బాధపడ్డ రోజులు సుమారు 13 తగ్గాయి. దానికోసం వాళ్లు అదనంగా వెళ్లింది సగటున రెండుసార్లు కూడా లేదు, 1.7 సార్లు.

ఈ లెక్కని ఇద్దరికీ చదివి వినిపించాను. అక్క "చూశారా!" అంది. బావగారు "పదమూడు రోజులేనా?" అన్నారు. ఏడాదికి పదమూడు రోజులు నడుం నొప్పి లేకుండా ఉంటే ఎంత సుఖమో నొప్పి ఉన్నవాళ్లనే అడగాలి. నాకైతే అది తక్కువేం కాదు. కానీ తమ్ముడి కాగితం పక్కన ఈ లెక్క పెట్టి చూడండి. అక్కడ రెండు మూడు నెలలకోసారి, ఇక్కడ నెలకి రెండుసార్లు. అక్కడ చికిత్స పట్టినవాళ్లని ఏరి తీసుకున్నారు, ఇక్కడ తలుపు తోసినవాళ్లందరికీ అదే కాగితం. పైగా స్వీడన్ వాళ్లు తర్వాత ఇంకో ముక్క చెప్పారు. నొప్పితో మనసు కూడా కుంగిపోయి, పనులు మానుకుని కూర్చునేవాళ్లకే ఈ క్రమం తప్పని చికిత్స బాగా పనికొచ్చింది. నొప్పి ఉన్నా ధైర్యంగా తిరిగేసేవాళ్లకి పెద్ద లాభమేమీ లేదు.

డబ్బు సంగతి కూడా చూడాలి కదా. అరవై అయిదు దాటిన అమ్మానాన్నలు ఇక్కడే ఉండి, వాళ్లకి ఇక్కడి ప్రభుత్వ బీమా మెడికేర్ ఉంటే ఇది జాగ్రత్తగా వినండి. కైరోప్రాక్టర్ చేత్తో వెన్ను సర్దడానికి మెడికేర్ డబ్బిస్తుంది. అదీ నొప్పి నయమవుతూ ఉన్నంతకాలమే. ఆయన తీయించిన ఎక్స్‌రేకి ఇవ్వదు. ఉన్న స్థితి కాపాడుకోవడానికి చేసే నెలవారీ చికిత్సకి అసలే ఇవ్వదు. ఉద్యోగాల ఇన్సూరెన్సుల్లోనూ ఏడాదికి ఇన్నిసార్లే అని హద్దు ఉంటుంది. "మీ ఇన్సూరెన్స్ చూసుకుంటుంది లెండి" అని కౌంటర్లో అమ్మాయి నవ్వుతూ అన్నంత మాత్రాన సరిపోదు, కార్డు వెనక నెంబరుకి మనమే ఫోన్ చేసి కనుక్కోవాలి.

బావగారి పార్టీకి బలమైన సాక్షి ఆస్ట్రేలియాలో దొరికింది. సిడ్నీలోని మక్వారీ విశ్వవిద్యాలయం వాళ్లు నడుం నొప్పి కొత్తగా తగ్గిన 701 మందిని తీసుకుని, కొందరికి నడక అప్పజెప్పారు. మందుల్లేవు, బల్లల్లేవు. ఫిజియోథెరపిస్టు అప్పుడప్పుడు చూసి చెబుతుంటే, ఆర్నెల్లలో మెల్లగా పెంచుకుంటూ వారానికి అయిదు రోజులు, అరగంటదాకా నడవడం. 2024లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన ఫలితం చూడండి. ఏమీ చేయనివాళ్లకి మళ్లీ నొప్పి రావడానికి పట్టిన మధ్యస్థ కాలం 112 రోజులైతే, నడిచినవాళ్లకి 208 రోజులు. ఈ మాట చెప్పగానే "నేనెప్పుడో చెప్పాను" అన్నారు బావగారు. అక్క ఆయన పొట్టవైపు ఓ చూపు చూసింది. ఆయన వీధి చివరిదాకా కూడా కారులోనే వెళ్తారని మీకు చెప్పలేదు కదూ.

మెడ గురించి మాత్రం నవ్వులాట వద్దు. నడుం వేరు, మెడ వేరు. మెడ పూసల పక్కనుంచే మెదడుకి రక్తం తీసుకెళ్లే నాళాలుంటాయి. మెడని గభాలున తిప్పే చికిత్స తర్వాత అరుదుగా ఆ నాళం గోడ చీలి పక్షవాతం వచ్చిన సందర్భాలున్నాయి. నాళం అప్పటికే చీలడంవల్ల మెడ నొప్పెట్టి అక్కడికి వెళ్లినవాళ్లూ కొందరుంటారు గనక తప్పెవరిదో తేల్చడం కష్టం. ఏదేమైనా ఈ సంగతి రోగికి ముందే చెప్పాలని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2014లో చెప్పింది. మన సెలూన్లో క్షవరం అయ్యాక మెడ అటోసారీ ఇటోసారీ విరిపించుకునే సరదా ఉన్న మగమహారాజులకి కూడా ఇదే మాట. మానెయ్యండి.

ఇంకొకటి. నడుం నొప్పితో పాటు ఒంటేలు ఆగిపోయినా, తెలియకుండా పడిపోతున్నా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా, కాలు ఈడ్చుకుపోతున్నా అది కైరోప్రాక్టర్ బల్ల మీద తేలే వ్యవహారం కాదు. జ్వరంతో వచ్చిన నొప్పి, కింద పడ్డాక వచ్చిన నొప్పి, ఎప్పుడో కేన్సర్ వచ్చి తగ్గినవాళ్లకి కొత్తగా మొదలైన నొప్పి కూడా అంతే. తిన్నగా ఆసుపత్రికి వెళ్లాలి. మొదట చెప్పిన నాలుగైతే తెల్లారేదాకా కూడా ఆగకూడదు. ఎముకలు గుల్లబారిన పెద్దవాళ్లని బల్ల ఎక్కించేముందు వాళ్ల డాక్టర్ని అడగండి.

మరి తమ్ముడికి ఏం చెప్పానంటారా? ఆ కైరోప్రాక్టర్ చేతిలో హాయి దొరికితే వెళ్లరా, తప్పులేదన్నాను. నొప్పి పోయాక, ఏడాదిలో పదే పదే తిరగబెట్టే నడుమైతే రెండు మూడు నెలలకోసారి చూపించుకో, దానికి స్వీడన్ వాళ్ల లెక్క తోడుంది. ఎప్పుడో ఒకసారి పట్టేసి వదిలేసే నడుమైతే నడక చాలు. ఏ సంగతీ తేలకుండా ఏడాది డబ్బు ముందే పోయడం మాత్రం నాకు నచ్చలేదు. పసిపిల్లలకి కూడా వెన్ను సర్దుతామని కుటుంబ ప్యాకేజీ చూపిస్తే అసలు అక్కడ కూర్చోవద్దన్నాను. వాడు ఏడాది ప్యాకేజీ తీసుకోలేదు, వెళ్లినప్పుడల్లా విడిగా కడుతున్నాడు. అక్క తన నెలవారీ బేరం మానలేదు. ఆవిడకి పడింది, ఆవిడ డబ్బు, నేనెవరిని కాదనడానికి?

మీ చేతిలోనూ అలాంటి కాగితం ఉంటే, అది ఇచ్చినాయన్ని రెండు ముక్కలు అడగండి. నాలుగైదు సార్లు వచ్చాక నాకు తగ్గకపోతే ఏం చేస్తారు? తగ్గితే ఎప్పుడు ఆపుతారు? జవాబు ఆ కాగితం మీదే రాసి సంతకం పెట్టమనండి. పెట్టనంటే కార్డు బయటికి తీయకండి.